ఒంటి మీద ఉన్నదే మనది



హ్యూస్టన్ చుట్టుపక్కల కేటీలో, షుగర్ ల్యాండ్‌లో, పియర్‌ల్యాండ్‌లో ఉంటున్న నా స్నేహితులు కొందరికి ఈమధ్య కయాక్ మీద చేపల వేట బాగా పట్టుకుంది. శనివారం తెల్లవారుజామున నాలుగింటికే లేచి, కారు మీద పడవ కట్టుకుని గాల్వెస్టన్ దారి పడుతున్నారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఫోన్ చేసి అడిగే మాట ఒకటే: "అన్నా, ఏమేం కొనుక్కోవాలి?" రాడ్ ఏది మంచిది, రీలు ఏది, ఎర ఏది, చేపల్ని తెర మీద చూపించే సోనార్ కావాలా అని అడుగుతారు. వాటి గురించీ చెబుతాను. ముందు మాత్రం నేను వాళ్లని ఒకటి అడుగుతాను. నువ్వు నీళ్లలో పడ్డావు, పడవ గాలికి కొట్టుకుపోయింది అనుకో. అప్పుడు నీ దగ్గర ఏముంటుంది?

ఈ ప్రశ్న నాకు వెస్ట్ బే నీళ్లలో పుట్టింది. గాల్వెస్టన్ దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య పొడుగ్గా పరుచుకున్న ఉప్పునీటి కయ్య అది. ఒక మార్చి నెల ఉదయం ఒక్కణ్నే వెళ్లాను. పొద్దెక్కేసరికి గాలి పెరిగింది. రెండడుగుల చేప ఒకటి గాలానికి పడింది. దాన్ని వలబుట్టలోకి తీసుకుందామని పక్కకి ఒరిగాను. తల పడవ అంచు దాటింది. అంతే, మరుక్షణం నీళ్లలో ఉన్నాను.

లోతు ఎక్కువేమీ లేదు, ఐదారడుగులు. కానీ అడుగున బురద. కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతోంది. తెడ్డు కట్టలేదు, అది ఒక దిక్కుకి పోయింది. పడవ ఇంకో దిక్కుకి పోయింది. ఖాళీ కయాక్ గాలికి ఎంత వేగంగా పోతుందో అప్పుడే చూశాను. బాగా ఈత వచ్చినవాడు కూడా అందుకోలేడు. ఫోన్‌ని నీళ్లు చొరబడని పెట్టెలో భద్రంగా పెట్టాను. ఆ పెట్టె పడవలో ఉంది. కత్తి పడవలో ఉంది, మంచినీళ్లు పడవలో ఉన్నాయి. ఈల కూడా అక్కడే, చిన్న సంచిలో ఉంది. నా ఒంటి మీద మిగిలింది పసుపు రంగు లైఫ్ జాకెట్ ఒక్కటే. అరిచాను. ఎదురుగాలికి నా గొంతు నాకే వినపడలేదు. నలభై నిమిషాల తర్వాత మోటారు పడవలో వెళ్తున్న ఒక తండ్రీ కొడుకులు ఆ పసుపు రంగు చూసి వచ్చి లాగారు. అప్పటికి నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

ఆ రోజు నుంచి సామాను సర్దే పద్ధతి పూర్తిగా మార్చుకున్నాను. ఏ వస్తువు ఎంత ఖరీదు, ఎంత మంచిదన్నది తర్వాతి సంగతి. అది నా ఒంటి మీద ఉండాలా, పడవకి కట్టి ఉండాలా, ఒడ్డున ఉండాలా అని ముందు చూస్తాను.

ఒంటి మీద ఉండాల్సినవాటిలో మొదటిది లైఫ్ జాకెట్. టెక్సస్ చట్టం ప్రకారం కయాక్‌లో ఎంతమంది ఉంటే అన్ని జాకెట్లు ఉండాలి. 13 ఏళ్ల లోపు పిల్లలైతే తొడుక్కునే ఉండాలి. పెద్దవాళ్లకి చేతికి అందేలా ఉంటే చాలంటుంది చట్టం. చాలదని నేనంటాను. నీళ్లలో పడ్డాక జాకెట్ తొడుక్కోవడం ఎంత కష్టమో ఎండాకాలంలో ఏదైనా ఈత కొలనులో ఒకసారి ప్రయత్నించి చూడండి. అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల్లో 2023లో పడవ ప్రమాదాల్లో 564 మంది పోయారు. మరణ కారణం తెలిసినవాళ్లలో నూటికి 75 మంది మునిగిపోయినవాళ్లే. అలా మునిగినవాళ్లలో, జాకెట్ సంగతి నమోదైన చోట, నూటికి 87 మంది ఒంటి మీద జాకెట్ లేదు.

కయాక్ కోసం కుట్టిన జాకెట్ వేరుగా ఉంటుంది. వీపు దిగువన పల్చగా ఉండి, నురుగు దిండు పైభాగంలోనే ఉంటుంది. అందువల్ల కుర్చీకి ఆనుకుని కూర్చున్నప్పుడు జాకెట్ మెడ మీదకి ఎగదన్నదు. చంకల దగ్గర కోత ఎక్కువ, తెడ్డు వేస్తుంటే ఒరుసుకోదు. ముందు రెండు పెద్ద జేబులుంటాయి. కొనేటప్పుడు తొడుక్కుని, పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. చెవుల దాకా వచ్చిందంటే అది మీ కొలత కాదు. రంగు పసుపో, నారింజో ఉండనివ్వండి. నీటి రంగులో కలిసిపోయే ఆకుపచ్చా నీలం జాకెట్లు చూడ్డానికి బాగుంటాయి, కానీ నన్ను ఆ రోజు కాపాడింది ఆ పసుపే.

ఆ జాకెట్ జేబుల్లో ఏముండాలి? జిప్పుకి కట్టిన ప్లాస్టిక్ ఈల ఒకటి. లోపల గోళీ లేనిది కొనండి, తడిసినా మోగుతుంది. మొన తెగ్గొట్టిన చిన్న కత్తి ఒకటి, ఒంటిచేత్తో ఒర నుంచి తీయగలిగేది. లంగరు తాడు కాలికి చుట్టుకున్నప్పుడు పెట్టెలు వెతుక్కునే వ్యవధి ఉండదు. నీళ్లు చొరబడని సంచిలో ఫోన్, ఆ సంచి తాడు జాకెట్‌కి కట్టి ఉండాలి. అయితే తడి వేళ్లకి ఫోన్ తెర మాట వినదు. కాబట్టి తేలే రకం వీహెచ్ఎఫ్ చేతి రేడియో ఒకటి కొనుక్కోమని గట్టిగా చెబుతాను. 16వ ఛానెల్‌ని కోస్ట్ గార్డ్ ఎప్పుడూ వింటూ ఉంటుంది. అంతకంటే ముఖ్యం, దగ్గర్లో ఉన్న పడవలవాళ్లూ వింటారు. మీ దగ్గరికి ముందు చేరేది వాళ్లే. తెల్లవారకముందు నీళ్లలోకి దిగేవాళ్లు తెల్లటి లైటు ఒకటి చేతికందేలా పెట్టుకోవాలి. అది నిబంధన కూడా. మోటారు పడవ నడిపేవాడికి చీకట్లో కయాక్ కనపడదు.

కాళ్లకి చెప్పులు పనికిరావు. వెస్ట్ బే అడుగున ఆల్చిప్పల దిబ్బలుంటాయి, బ్లేడులా కోస్తాయి. మడమ పైదాకా వచ్చే రబ్బరు బూట్లు కావాలి. నీళ్లలో నడిచేటప్పుడు కాలు ఎత్తి వేయకండి, అడుగున ఈడ్చుకుంటూ నడవండి. ఇసుకలో టేకు చేప పడుకుని ఉంటే ఆ కదలికకి తప్పుకుపోతుంది. కాలు ఎత్తి దాని మీద వేస్తే తోక ముల్లు దింపుతుంది. అలా దిగితే, తట్టుకోగలిగినంత వేడినీళ్లలో గంట దాకా కాలు పెట్టాలి. వేడికి ఆ విషం విరుగుతుంది, నొప్పి తగ్గుతుంది. తర్వాత డాక్టరుకి తప్పకుండా చూపించాలి.

గాయాల గురించి ఇంకొక మాట. ఇది మనవాళ్లు ప్రత్యేకంగా వినాలి. వెచ్చటి ఉప్పునీటిలో విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా ఉంటుంది. ఆరోగ్యవంతుల్ని అది చాలావరకు ఏమీ చేయదు. లివర్ జబ్బు ఉన్నవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం చిన్న గీత ద్వారా లోపలికి వెళ్లినా ప్రాణం మీదకి తెస్తుంది. మన ఇళ్లలో షుగర్ లేని ఇల్లు ఎన్ని? కాలికో చేతికో మానని పుండు ఉంటే ఆ వారం మానేయండి. నీళ్లలో గీసుకుంటే అక్కడికక్కడే మంచినీళ్లతో, సబ్బుతో కడగండి. కొన్ని గంటల్లో ఎర్రబడి పాకుతూ, వాచి, బొబ్బలు లేస్తే తెల్లారేదాకా ఆగకండి. ఎమర్జెన్సీకి వెళ్లి "సముద్రపు నీళ్లు తగిలాయి" అని మీ నోటితో చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరు సరైన మందు వైపు తొందరగా వెళ్తాడు.

ఇక పడవకి కట్టాల్సినవి.

మాది భీమిలి. చిన్నప్పుడు తెప్పల మీద వేటకెళ్లి వచ్చేవాళ్లని చూస్తూ పెరిగాను. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగిస్తే అదే తెప్ప. దాని మీదకి అల వస్తే ఆ నీళ్లు దుంగల సందుల్లోంచే జారిపోతాయి. తోడిపోయాల్సిన పని లేదు. ఇక్కడ మొదటిసారి పైన కూర్చునే రకం కయాక్ చూసినప్పుడు, కూర్చునే చోటు నుంచి అడుగు దాకా రంధ్రాలున్నాయి. పక్కాయన వాటిని చూసి, మునిగిపోదా అన్నాడు. నాకు మాత్రం వెంటనే తెప్ప గుర్తొచ్చింది. పైకొచ్చిన నీళ్లు ఆ రంధ్రాల్లోంచి కిందికి పోతాయి. తిరగబడినా నీళ్లు నిండవు, తిప్పుకుని మళ్లీ ఎక్కొచ్చు. చేపల వేటకి ఈ రకమే ఎందుకు వాడతారో తెప్ప ఎరిగినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

తెప్ప మీద ఇంకోటి కూడా గమనించేవాణ్ని. వదులుగా ఒక్క వస్తువు ఉండేది కాదు. అన్నం క్యానుకి తాడు, నీళ్ల డబ్బాకి తాడు, గాలాల బుట్టకి తాడు. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్లు, కయాక్ అన్న పడవనీ ఆ పేరునీ లోకానికి ఇచ్చినవాళ్లు, వాళ్లదీ ఇదే పద్ధతి. పడవ పైకప్పుకి అడ్డంగా సీల్ తోలు పట్టీలు బిగించి, ఈటె ఒకచోట, దాని తాడు చుట్ట ఒకచోట, వెనకవైపు గాలి నింపిన సీల్ తోలు తిత్తి ఒకచోట ఉంచేవాళ్లు. ఏది ఎక్కడుందో చూడకుండానే చెయ్యి దానంతటదే వెళ్లేది. గడ్డకట్టే నీళ్లలో వెతుక్కోవడం అనేది కుదరదు కదా.

కాబట్టి తెడ్డుకి తాడు. రాడ్‌లకి తాడు. శ్రావణానికి చుట్టలా సాగే తీగ. తాళ్లు పొట్టిగా ఉండాలి. మరీ పొడుగైతే పడ్డప్పుడు మీకే చుట్టుకుంటాయి. రెండు ముక్కలుగా విడదీసే తెడ్డు ఒకటి అదనంగా పడవ లోపల పెట్టుకోండి. బయలుదేరేముందు వెనక ఉండే నీటి బిరడా బిగించారా లేదా అని వేలు పెట్టి చూడండి. అది మరిచిపోయి దిగినవాళ్లని నేను చూశాను. పడవ పొట్టలోకి నీళ్లు మెల్లమెల్లగా చేరతాయి. అరగంట దాకా తెలియదు. తర్వాత పడవ బరువెక్కి, ఇటు అటు తూలడం మొదలవుతుంది.

లంగరు విషయంలో కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. చేతికి దగ్గరగా ఉంటుందని పడవ పక్కన కడతారు. గాలో, ప్రవాహమో బలంగా ఉన్నప్పుడు ఆ తాడు పక్క అంచుని కిందికి లాగుతుంది, పడవ బోల్తా పడుతుంది. లంగరు ముక్కు నుంచైనా ఉండాలి, తోక నుంచైనా ఉండాలి. కూర్చున్న చోటు నుంచే తాడుని ముందుకీ వెనక్కీ జరుపుకోవడానికి పడవ పక్కన చిన్న కప్పీలతో తాడు ఏర్పాటు చేసుకుంటారు. యాంకర్ ట్రాలీ అంటారు దాన్ని. మడత లంగరు మూడు పౌన్లది సరిపోతుంది. వెస్ట్ బే లాంటి లోతు లేని చోట లంగరు కూడా అక్కర్లేదు. ఏడెనిమిది అడుగుల ఫైబర్ గ్లాస్ గెడ బురదలో గుచ్చి పడవని దానికి కట్టుకోవచ్చు, చప్పుడు కాదు, చేప బెదరదు.

వేట సామానుకి వస్తే, నేను రెండు రాడ్‌లకి మించి తీసుకెళ్లను. ఒకదానికి బెండు కట్టి, దాని కింద రెండడుగుల తంగూసు, చివర గాలానికి బతికున్న రొయ్య. ఇక్కడి బెండుకి పూసలుంటాయి, రాడ్ చివర ఒక్కసారి జాడిస్తే టపుక్కున చప్పుడు చేస్తుంది. అది విని రొయ్యని ఏదో చేప తింటోందనుకుని ఇంకో చేప వస్తుంది. రెండో రాడ్‌కి బంగారు రంగు స్పూను, గడ్డిలో చిక్కుకోని రకం. ఏడడుగుల రాడ్, పది పదిహేను పౌన్ల దారం. ఇంతకంటే సామాను పెరిగితే కూర్చున్న చోటే అడవి అవుతుంది.

శ్రావణం మాత్రం పొడుగు ముక్కుది, మంచిది కొనండి. ఎందుకంటే ఇక్కడ మీకు అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువ పడేది హార్డ్‌హెడ్ క్యాట్‌ఫిష్. చూడగానే మీరే అంటారు, ఇది మన జెల్ల కదా అని. దాని బంధువే. వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర రెండు, రంపం పళ్లున్న ముళ్లు. పడవలో ఒళ్లోకి వచ్చి ఎగిరి తొడలో గుచ్చుకుందంటే ఇక వేట ఆ పూటకి అయిపోయినట్టే. దాన్ని చేత్తో పట్టకండి. నీళ్ల మీదే ఉంచి, శ్రావణంతో గాలం పట్టి తిప్పితే జారిపోతుంది. చేపల్ని మూతి దగ్గర పట్టే పట్టకారు ఒకటి ఉంటే ఇంకా మేలు.

అందరూ కోరుకునే చేప మాత్రం రెడ్ ఫిష్, అసలు పేరు రెడ్ డ్రమ్. రాగి రంగు ఒళ్లు, తోక మొదట్లో నల్లటి మచ్చ. లక్షల రూపాయలు పలికిందని మన పేపర్లలో వస్తుంటుందే కచిడి చేప, దాని కుటుంబమే ఇది. పొట్టలోని గాలితిత్తిని కండరాలతో వాయించి డోలులా చప్పుడు చేస్తుంది, అందుకే ఆ పేరు. మోకాలి లోతు నీళ్లలో, గడ్డి అంచున, తల కిందికి పెట్టి పీతల కోసం తవ్వుకుంటుంటే తోక ఒక్కటే నీటి పైకి లేచి ఎండలో మెరుస్తుంది. మోటారు పడవ అక్కడికి రాలేదు. మీ కయాక్ వెళ్తుంది. ఆ తోక మెరుపు చూడ్డానికే నేను ఇన్నేళ్లుగా నాలుగింటికి లేస్తున్నాను.

ఒకప్పుడు ఈ చేపని విపరీతంగా పట్టేశారు. 1981లో టెక్సస్ చట్టం చేసి సముద్రంలో పట్టిన రెడ్ ఫిష్‌నీ, మచ్చల ట్రౌట్‌నీ అమ్మడం ఆపేసింది. తర్వాత ప్రభుత్వమే హేచరీల్లో చేప పిల్లల్ని పెంచి అఖాతాల్లో వదులుతూ వచ్చింది. లేక్ జాక్సన్‌లోని సీ సెంటర్ టెక్సస్ అలాంటిదే, మీ పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. ఇంత చేస్తే మిగిలిన చేప ఇది. అందుకే కొలబద్ద పలక తప్పకుండా పడవలో ఉండాలి. రెడ్ ఫిష్ 20 అంగుళాల నుంచి 28 అంగుళాల మధ్యలో ఉంటేనే ఉంచుకోవాలి, రోజుకి మూడు. 28 దాటినదానికి లైసెన్సుతో వచ్చే ట్యాగ్ కట్టాలి, లేదంటే వదిలేయాలి. మచ్చల ట్రౌట్‌కి 2024 నుంచి 15 నుంచి 20 అంగుళాలు, రోజుకి మూడు. ఈ కొలతలు మారుతుంటాయి కాబట్టి ఏటా కొత్త నియమాలు చదవండి. 17 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్సు, దాని మీద ఉప్పునీటి అనుమతి ఉండాలి. వదిలేసే చేపని తడి చేత్తో పట్టుకోండి, పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు పోతుంది.

నీళ్లు. ఎండాకాలం సగం రోజుకి మనిషికి నాలుగు లీటర్లు, అందులో సగం ముందు రోజు రాత్రి గడ్డకట్టించి తీసుకెళ్లండి. చేపల సంచిలో ఐస్‌కి తోడవుతుంది, కరిగాక తాగొచ్చు. తిండికి నేను పులిహోర పట్టుకెళ్తాను. ఆ ఎండకి చెడిపోదు. ఎరలు ముట్టిన చేత్తో తినకుండా చెంచా పెట్టుకుంటాను. పొడుగు చేతుల చొక్కా, మెడ కప్పే టోపీ, పోలరైజ్డ్ కళ్లద్దాలు. ఆ అద్దాల్లోంచి నీటి అడుగు కనపడుతుంది, పైగా చేప నోట్లోంచి ఊడి ఎగిరొచ్చే గాలం నుంచి అవి కన్నుని కాపాడతాయి. చలికాలం సంగతి వేరు. జనవరిలో అక్కడి నీళ్లు 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి. బయట ఎండ కాస్తోందని బనీనుతో వెళ్లకండి. బట్టలు గాలికి తగినట్టు కాదు, నీటికి తగినట్టు వేసుకోవాలి. అంత చల్లటి నీళ్లలో పడగానే మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు, ఎగపీలుస్తూనే ఉంటాం. ఆ నిమిషం తల పైన ఉంచేది జాకెట్టే.

ఇంకొకటి, కొనడానికి డబ్బు అక్కర్లేనిది: గాలి సమాచారం. గాల్వెస్టన్ దగ్గర ఆటుపోట్ల తేడా మామూలుగా రెండడుగులకి మించదు. అక్కడ నీటిని నడిపేది ఎక్కువగా గాలే. చలికాలంలో ఉత్తరపు గాలి ఒక రాత్రి బలంగా వీచిందంటే అఖాతంలోని నీటిని సముద్రంలోకి తోసేస్తుంది. పొద్దున మీరు వెళ్లిన కాలవ మధ్యాహ్నానికి బురద మైదానం అవుతుంది. ఆ బురదలో పడవ లాగడం నలుగురికీ చేతకాదు. గంటకి 15 మైళ్ల గాలి అంటే నేను ఇంట్లోనే ఉంటాను. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లండి, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది.

ఒడ్డున ఉండాల్సిన సామాను ఒక్క కాగితం. మా ఇంట్లో ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటిస్తాను. ఎక్కడ నీళ్లలోకి దిగుతున్నానో, కారు ఎక్కడ పెడుతున్నానో, ఎటువైపు వెళ్తానో, కయాక్ రంగేమిటో, జాకెట్ రంగేమిటో రాస్తాను. చివర రెండు టైములు. పదకొండున్నరకి ఒడ్డెక్కి ఫోన్ చేస్తాను. పన్నెండున్నర దాకా ఫోన్ రాకపోతే నా భార్య ఈ నంబరుకి చేయాలి. ఆ నంబరు కూడా ఆ కాగితం మీదే ఉంటుంది. మొదట్లో, చేప పడుతుంటే టైము ఎలా చూస్తాం అని నేనే అనేవాణ్ని. ఇప్పుడు పదకొండుంపావుకి చేతి గడియారం మోగుతుంది. చేపలు ఎంత పడుతున్నా తెడ్డు అందుకుంటాను. ఒడ్డున బురద కాళ్లతోనే ముందు ఫోన్ చేసి, ఆ తర్వాతే పడవ కడుక్కుంటాను.